భయాన్ని రాయబోయే తమ్ముడికి

తమ్ముడూ,

నీ గేమ్ స్క్రిప్టు అందింది, పూర్తిగా చదివాను. పాడుబడ్డ హాస్టలు, ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన పాత విద్యార్థి, చనిపోయిన స్నేహితుడి గది కోసం అతని వెతుకులాట. ఈ మూడూ బాగున్నాయి. తెల్లచీర, గజ్జెల చప్పుడు, గోడమీద నెత్తుటి అక్షరాల గురించి నేనేమంటానో నీకు ముందే తెలుసు కాబోలు, "మార్కెట్ కోసం పెట్టానన్నా" అని ముందరికాళ్లకు బంధం వేశావు. వాటి సంగతికి తర్వాత వస్తాను.

స్క్రిప్టు నిండా "కనిపిస్తుంది", "వినిపిస్తుంది". చీకట్లో ఆకారం కనిపిస్తుంది, మేడమీద ఏడుపు వినిపిస్తుంది, అద్దంలో మొహం కనిపిస్తుంది. ఆడేవాడి చేతికి మాత్రం పని లేదు. నువ్వు సినిమా రాశావు. థియేటర్లో భయమేస్తే కళ్లు మూసుకుంటాం, సీను దానంతటదే గడిచిపోతుంది. గేమ్‌లో కళ్లు మూసుకుని తెరిస్తే నువ్వు ఆ కారిడార్లోనే, ఆ తలుపు ముందే ఉంటావు. నువ్వు అడుగేసేదాకా ఏదీ కదలదు. ఆ అడుగు వేయించడమే నీ పని.

చెప్పబోయేదానికి ఉదాహరణ "సైలెంట్ హిల్ 2". 2001లో జపాన్‌కు చెందిన కొనామీ సంస్థలోని టీమ్ సైలెంట్ అనే జట్టు ప్లేస్టేషన్ 2 కోసం చేసిన గేమ్. 2024లో పోలండ్‌కు చెందిన బ్లూబర్ టీమ్ దాన్ని కొత్తగా చేసింది, అది ఆడినా పర్లేదు. ఇంకా ఆడకపోతే ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పెట్టి, ఆడాక చదువు. కథ గుట్టు మొత్తం విప్పబోతున్నాను.

జేమ్స్ అనే అతనికి భార్య మేరీ దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది, సైలెంట్ హిల్ అనే ఊళ్లో ఎదురుచూస్తున్నానని. ఆమె జబ్బుచేసి చనిపోయి మూడేళ్లయిందని అతనే మనకి చెప్తాడు. అయినా వస్తాడు. కారు దిగిన చోటునుంచి ఊళ్లోకి వెళ్లే కాలిబాట పొగమంచులో సాగుతూనే ఉంటుంది. ఎవరూ మీద పడరు, ఏ ఘోరమూ జరగదు. అంత పొడుగు నడక ఎందుకు పెట్టారని మొదటిసారి ఆడేవాళ్లు విసుక్కుంటారు. ఊరు చేరేసరికి వెనక్కి పోవడమంటే ఎంత దూరమో కాళ్లకి తెలిసిపోయి ఉంటుంది, అందుకే పెట్టారు.

పిరమిడ్ హెడ్ అనే భూతం పేరు ఈ గేమ్ ఆడనివాళ్లకి కూడా తెలుసు. పెద్ద ఇనుప గోపురంలాంటి తలకాయ, మసాహిరో ఇటో గీసిన రూపం. దాని మొదటి ప్రవేశం ఎలా రాశారో చూడు. అపార్ట్‌మెంట్ కారిడార్లో ఊచల అవతల నిలబడి ఉంటుంది. అంతే. అరవదు, ఊచలు వంచదు, మన వైపు రాదు. నువ్వు అక్కడ ఎంతసేపు నిలబడితే అంతసేపూ అదీ నిలబడుతుంది. నీ స్క్రిప్టులో దెయ్యం మొదటి సీన్లోనే జుట్టు విరబోసుకుని మీదికి దూకింది. ఇక రెండో సీన్లో దానికి చేయడానికి ఏం మిగిలింది?

ఆ గేమ్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఒక ప్రశ్న. కథ సగం దాటాక జేమ్స్ దారి కిందికే పోతుంది. హిస్టారికల్ సొసైటీ భవనంలో దిగుతూనే ఉండే మెట్లు, ఆ తర్వాత గోతులు, ఒకదాని కింద మరొకటి. అడుగు కనబడదు. గోతి అంచున గేమ్ ఆగి అడుగుతుంది, దూకుతావా అని. దూకకపోతే కథ లేదు. మరి అడగడం దేనికి? అతన్ని అదే తోసేయొచ్చు కదా? తోసేస్తే అది జేమ్స్ ఖర్మ. అడిగితే, ఒప్పుకున్నది నీ బొటనవేలు. ఎక్కడో ఆఖర్న నిజం బయటపడినప్పుడు "నాకేం సంబంధం, నేను చూస్తున్నానంతే" అనే వీలు ఆటగాడికి ఉండదు. ఆ ఒప్పుకోలు ముందే రాయించుకున్నారు.

ముగింపుల విషయం ఇంకా గడుసైనది. ఈ గేమ్‌కి ముగింపులు చాలానే ఉన్నాయి, ఏది వస్తుందో తేల్చడానికి సంభాషణల్లో జవాబులు ఎంచుకోమని ఎవరూ అడగరు. ఏంజెలా అనే అమ్మాయి దగ్గర తీసుకున్న కత్తిని సామాన్లలోంచి తీసి పదేపదే చూశావా? దెబ్బలు తగిలినా మందు వాడకుండా అలాగే తిరిగావా? అయితే ఈ జేమ్స్ బతుకు మీద ఆశ వదులుకున్నవాడని గేమ్ లెక్కేసుకుంటుంది, కథ అటువైపు ఒరుగుతుంది. భార్య ఫోటో, ఉత్తరం తీసి చూసుకుంటూ, గాయాలు మాన్పుకుంటూ ఉంటే ఇంకోవైపు. మేరీ పోలికలతో ఎదురయ్యే మరియాని అంటిపెట్టుకుని తిరిగితే వేరొకవైపు. ఈ లెక్కలేవీ ఆడేవాడికి కనబడవు. నీ అలవాట్లను చూసి నువ్వెవరో తీర్మానించే గేమ్ అది. మరో సంగతి: మొదట్నుంచీ సామాన్లలో ఉన్న ఆ ఉత్తరం, కథ ముదిరేకొద్దీ రాత చెరిగి తెల్ల కాగితమవుతుంది. దాని గురించి ఒక్క పాత్ర కూడా మాట్లాడదు. తీసి చూసినవాడికే తెలుస్తుంది.

చివరికి హోటల్ గదిలో ఒక వీడియో టేపు. మేరీని జబ్బు చంపలేదు, మొహం మీద దిండు నొక్కి చంపింది జేమ్సే. ఈ మలుపు గొప్పదని లోకమంతా అంటుంది. మలుపులు ఎవరైనా రాస్తారు. అది తగిలే తీరు వేరు: అప్పటిదాకా అతని చేతులతో తలుపులు తెరిచింది, గోతుల్లో దూకింది, పూడిపోయిన టాయిలెట్లో చెయ్యి పెట్టి పర్సు తీసింది నువ్వే. ఆ చేతులే అవి.

అదే ఊళ్లో ఎనిమిదేళ్ల లారా అనే పిల్ల భూతాలు లేనట్టే తిరుగుతుంది. ఏంజెలా మాత్రం మంటల్లో మెట్లెక్కుతూ తనకెప్పుడూ ఇలాగే ఉంటుందని జేమ్స్‌తో అంటుంది. ఊరు ఒక్కటే, ఎవరి పాపం వాళ్లకి కనబడుతుంది. ఈ మాట ఎక్కడా విడమర్చి చెప్పకుండా ఇద్దరు మనుషుల నడవడితో చెప్పేశారు. నీ స్క్రిప్టులో పూజారి పాత్ర వచ్చి రెండు పేజీల పాటు శాపం పుట్టుపూర్వోత్తరాలు చెప్తాడు. ఆయన్ని ఇంటికి పంపించెయ్.

ఇప్పుడు మిగతావి చూడు. స్వీడన్‌లోని ఫ్రిక్షనల్ గేమ్స్ 2010లో తెచ్చిన "అమ్నీషియా: ది డార్క్ డిసెంట్"లో హీరో డేనియల్ తనే మరపు మందు తాగి తన గతాన్ని మర్చిపోతాడు. ఎందుకు మర్చిపోవాలనుకున్నాడో మనం తవ్వుకుంటూ పోవాలి. తైవాన్ వాళ్ల "డిటెన్షన్"లో, 1960ల నాటి బడి, రే అనే విద్యార్థిని. నిషేధించిన పుస్తకాలు చదివే బృందాన్ని పట్టించింది ఆమేనని ఆఖర్న తేలుతుంది. మూడు దేశాలు, మూడు జట్లు, ఒకటే ఎముకల గూడు: తప్పు చేసినవాణ్ణి వెతుకుతూ పోయిన చెయ్యే తప్పు చేసింది. కాపీ కొట్టమని చెప్పడం లేదు. ఆడేవాడి చేతిని కథలో ఇరికించడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనబడలేదు, అంతే.

చూడటాన్ని కూడా పనిగా మార్చొచ్చు. అమ్నీషియాలో ఆయుధం ఉండదు, చీకట్లో ఉంటే మతి చలిస్తుంది, వెలుగులోకి వస్తే దొరికిపోతావు. భూతాన్ని చూస్తే మతి ఇంకా చలిస్తుంది. కాబట్టి మూలన నక్కి గోడవైపు తిరిగి కూర్చుంటావు, అది ఎంత దగ్గరికొచ్చిందో తెలియదు. 2001లోనే టెక్మో తెచ్చిన "ఫేటల్ ఫ్రేమ్" దీన్ని సరిగ్గా తిరగేసింది. అక్కడ ఆయుధం ఒక పాత కెమెరా. దెయ్యాన్ని ఫ్రేములో పట్టి ఉంచాలి, మీదపడే క్షణం దాకా ఆగి నొక్కితేనే దెబ్బ గట్టిగా తగులుతుంది. పారిపోవాలనిపించేదాన్ని దగ్గరికి రానివ్వాలి. ఒకటి చూడొద్దంటుంది, ఒకటి చూసి తీరాలంటుంది, రెండూ ఒళ్లు జలదరింపజేస్తాయి. నీ గేమ్‌లో చూపు ఏం చేస్తుంది? స్క్రిప్టులో దీనికి జవాబు లేదు.

సగం చెప్పడం గురించి కూడా. 1999 నాటి మొదటి సైలెంట్ హిల్‌లో ఊరంతా పొగమంచు కమ్మి ఉండటానికి అసలు కారణం ఆ రోజుల ప్లేస్టేషన్ దూరాన ఉన్నవాటిని గీయలేకపోవడం. లోపాన్ని మంచుతో కప్పి, జేబులో ఒక రేడియో పెట్టారు. ఏదైనా దగ్గరికొస్తే రేడియో గరగరమంటుంది. ఉందని చెప్తుంది, ఎక్కడుందో చెప్పదు. తెలియకపోవడం కన్నా సగం తెలియడం ఎక్కువ పీక్కుతింటుందని హాస్పిటల్లో రిపోర్టు కోసం ఎదురుచూసినవాళ్లెవరికైనా తెలుసు.

1996 నాటి "రెసిడెంట్ ఈవిల్"లో టైప్‌రైటర్ రిబ్బన్లు ఉంటేనే ఆడినంతవరకూ సేవ్ చేసుకోగలవు, అవి తక్కువగా దొరుకుతాయి. తూటాలు, మందులు కూడా అంతే. ఈ లేమి గురించి చాలామంది చాలా రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. మీ ప్రోగ్రామర్ చూసుకుంటాడు.

గారడీలు కొన్ని ఉన్నాయి. 2002లో నింటెండో గేమ్‌క్యూబ్ మీద వచ్చిన "ఎటర్నల్ డార్క్‌నెస్"లో పాత్ర మతి తప్పేకొద్దీ గేమ్ నీతోనే ఆడుకుంటుంది. టీవీ వాల్యూమ్ తగ్గిపోతున్నట్టు చూపిస్తుంది, సేవ్ ఫైళ్లు చెరిపేస్తున్నట్టు నటిస్తుంది. ఆడినవాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. ముచ్చటగా చెప్పుకోవడమే దాని లోపం అనిపిస్తుంది నాకు. అక్కడ గేమ్ తయారుచేసినవాళ్ల తెలివి కనబడుతుంది, కనబడగానే భయం పోతుంది. దీనికన్నా 2014లో ఉచితంగా వదిలిన "పి.టి." నయం. మలుపు తిరిగిన ఒక్క ఇంటి కారిడారు, చివర తలుపు, ఆ తలుపు తీస్తే మళ్లీ అదే కారిడారు, ప్రతిసారీ కొంచెం తేడాతో. గేమ్ డైరెక్టర్ హిడియో కోజిమా "సైలెంట్ హిల్స్" అనే రాబోయే గేమ్ కోసం చేసిన ఆ శాంపిల్, అసలు గేమ్ ఆగిపోవడంతో 2015లో స్టోరు నుంచి మాయమైంది. డబ్బులు లేని కొత్త జట్టుకి అంతకన్నా మంచి పాఠం ఏముంది? నువ్వు మూడంతస్తుల హాస్టలు, మెస్సు, ప్లేగ్రౌండు, పక్కన శ్మశానం అన్నీ రాశావు. ఒక్క వరండా చాలు.

ఇక మార్కెట్ దగ్గరికొద్దాం. డిటెన్షన్ చేసిన రెడ్ క్యాండిల్ గేమ్స్ వాళ్లు మార్కెట్ కోసం మంచు ఊరు పెట్టలేదు. 1949 నుంచి 1987 దాకా తైవాన్‌లో సైనిక శాసనం నడిచింది, పెద్దలు దాని గురించి గొంతు తగ్గించే మాట్లాడేవారు. ఆ గుసగుసలోంచే కథ తీశారు. అందులో దెయ్యం పక్కనుంచి పోవాలంటే ఊపిరి బిగబట్టాలి, కొన్నిటి ముందు చచ్చిపోయినవాళ్లకి పెట్టే అన్నం గిన్నె పెట్టి తప్పించుకోవాలి. వాళ్ల ఊరి నమ్మకాలే ఆట నియమాలయ్యాయి. నీ హాస్టలు మన ఊళ్లో ఉంది కదా, డిసెంబరు పొగమంచు దేనికి? మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోవద్దని మీ నాయనమ్మ అనలేదూ? పన్నెండు గంటల ఎండ, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిన వరండా, ఎక్కడా నీడ లేదు. అందులో నడిపించు. హాస్టలు గేటు ముందు మూడు దారులు కలిసే చోట దిష్టి తీసి పారేసిన నిమ్మకాయ, ఎర్రనీళ్లు పెట్టు. దాటి పోవడానికి అదొక్కటే దారి చెయ్యి. దాటితే ఏం జరుగుతుందో రాయకు. మనవాడెవడైనా అక్కడ బటన్ మీద వేలు పెట్టి ఆగుతాడు. తెల్లచీర అవసరం నీకు లేదు, మీ జట్టులో ఆ బొమ్మ గీసే కుర్రాడి శ్రమా మిగులుతుంది.

అసలు మార్చాల్సింది ఆఖరి పేజీలో ఉంది. స్నేహితుణ్ణి వార్డెన్ చంపాడని తేల్చావు. వార్డెన్ చంపితే ఆడేవాడు చేతులు దులుపుకుని లేచిపోతాడు. ఇలా అయితే ఎలా ఉంటుందో ఆలోచించు: నీ హీరో ఏ గదిలోంచి బయటికొచ్చినా వెంటపడేది రాకుండా తలుపుకి బయటినుంచి గడియ పెట్టాలి. మొదట్లోనే నేర్పించెయ్. గడియ పెట్టకపోతే అది వరండాలోకి వస్తుంది, పెడితే క్షేమం. మూడో గది నుంచి ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యే పోయి గడియ పెడుతుంది. ఆ రాత్రి స్నేహితుడి గదికి సరదాకి బయటినుంచి గడియ పెట్టిపోయినవాడు ఎవరో ఇక నువ్వు చెప్పే పని కూడా ఉండదు.

ఇది నచ్చకపోతే వేరేది వెతుకు, నీ కథ నీది. నచ్చితే మాత్రం మొత్తం తిరగరాయకు. రెండో గది ఒక్కటి రాసి పంపు: లోపలికి పోవడం, వెతకడం, బయటికి రావడం, గడియ. "కనిపిస్తుంది" అనే మాట వాడకుండా. గడియ చప్పుడు ఎలాంటిదో మీ సౌండ్ చూసే అమ్మాయితో ఇప్పుడే మాట్లాడు. పాత ప్రభుత్వ హాస్టళ్ల తలుపులకి ఉండే పొడుగాటి ఇనుప గడియ దొరికితే రికార్డు చేసి పెట్టమను, ఇంటర్నెట్లో దొరికే చప్పుళ్లు వద్దు.

ఉంటాను.

అన్నయ్య