గెఘార్డ్ వెళ్ళొచ్చి రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

ఆర్మేనియాలో కొండను తొలిచి కట్టిన ఆ పాత క్రైస్తవ మఠం, గెఘార్డ్ మీద నీ వ్యాసం చదివాను. బాగుంది అని ఒక ముక్క రాసి ఊరుకోవచ్చు, కానీ ఆ దేశ రాజధాని యెరవాన్‌లో మెడిసిన్ చదువుతూ, పరీక్షల టెన్షన్ పక్కనపెట్టి ఆ కొండల్లోకి వెళ్ళి, వచ్చి కూర్చుని ఇన్ని పేజీలు రాసినవాడితో అలా తప్పించుకుంటే బాగోదు. కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకు.

"కాలం ఆగిపోయిన చోటు" అని మొదలుపెట్టావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్. పాత కట్టడం కనబడితే చాలు, మనవాళ్ళంతా అక్కడ కాలాన్ని ఆపేస్తారు. గెఘార్డ్‌లో అది ఆగిందెప్పుడు? నాలుగో శతాబ్దంలో ఆ దేశాన్ని క్రైస్తవంలోకి తెచ్చిన సెయింట్ గ్రెగరీ అక్కడి గుహలో ఊట దగ్గర మఠం పెట్టాడని ఆర్మేనియన్లు చెప్పుకుంటారు, పదో శతాబ్దంలో అరబ్ సేనలు దాన్ని దోచుకున్నాయి, 1215లో అక్కడి పాలకులు జకారియన్ అన్నదమ్ముల హయాంలో ఇప్పుడు మనకు కనిపించే పెద్ద చర్చి లేచింది, 1679లో భూకంపం వచ్చి కొంత దెబ్బతీసింది. ఈ సంవత్సరాలన్నీ నీ వ్యాసంలోనూ ఉన్నాయిలే, కానీ అన్నీ ఒకే పేరాలో, గేటు దగ్గర బోర్డు మీద ఉన్నట్టే వరసగా ఉన్నాయి. బోర్డు చదవడానికి పాఠకుడికి నువ్వెందుకు?

అసలు కథని నువ్వు అరవాక్యంలో దాటేశావు. పదమూడో శతాబ్దంలో ప్రోష్ అనే సామంతుడు ఆ మఠాన్ని కొన్నాడు. డబ్బిచ్చి కొన్నాడు! కొని, కొండను తొలిపించి, అందులో తన వంశానికి సమాధి గదులు చేయించుకున్నాడు. ఆ గది గోడ మీద రెండు సింహాలున్నాయి, వాటి మెడలకు గొలుసు, ఆ గొలుసు ఒక పొట్టేలు తల నోట్లో ఉంటుంది, కింద రెక్కలు సగం విప్పిన గద్ద కాళ్ళతో గొర్రెపిల్లను పట్టుకుని ఉంటుంది. నువ్వు రాసిందేమిటి? "అద్భుతమైన శిల్పకళ". ఏసును గొర్రెపిల్ల అనే మతంలో, చర్చి పక్కనే, గద్ద కాళ్ళ మధ్య గొర్రెపిల్ల ఏమిటని నీకు అనిపించలేదా? అది ఆ వంశం చిహ్నమంటారు. భక్తితో చేయించాడా, దర్పంతోనా? రెండూ కలిసే ఉంటాయని నా అనుమానం. నీ అనుమానం ఏదైనా సరే, అది రాయి.

అవజాన్ అనే మొదటి గుహ చర్చిలో ఇంకాసేపు ఉండాల్సింది. అక్కడ రాయి మీద రాయి పేర్చింది ఏమీ లేదు, గోడలూ తోరణాలూ గుమ్మటమూ అన్నీ ఆ కొండే. పైన ఒక్క కంతలోంచి వెలుతురు, లోపల ఆ పాత ఊట నీళ్ళు ఇప్పటికీ పారుతూనే ఉంటాయి. పని చేసిన గల్‌జాక్ తన పేరు కూడా చెక్కి పెట్టాడు. డబ్బు పెట్టిన దొర పేరు మిగలడం మామూలే, ఉలి పట్టినవాడి పేరు మిగలడం అరుదు, కాబట్టి నీ వ్యాసంలో ఆయనకు కనీసం ఒక పేరా ఇవ్వు. పొరపాటున ఒక్క దెబ్బ ఎక్కువ పడితే తిరిగి అతికించే వీల్లేని పని అది. ("రాయడం కూడా ఇలాంటిదే" అని మాత్రం రాయకు, నీకు దండం పెడతాను.)

పై అంతస్తులో 1288 నాటి గది గురించి "ప్రతిధ్వని అమోఘం" అన్నావు. ఎవరైనా పాడారా? ఒక్కరా, నలుగురా? పాట ఆగాక స్వరం ఎంతసేపు నిలిచింది, మాటలు తెలిశాయా, కలిసిపోయాయా? నేల మూలన కింది గదిలోకి కనబడే కంత ఒకటుంటుంది, అందులోకి తొంగిచూశావా? ఇలాంటివి ఫోన్లో తీసిన వీడియో చూసి రాయలేవు, మళ్ళీ వెళ్ళు, నలభై కిలోమీటర్లేగా.

గోడల నిండా ఉన్న రాతల్ని "ప్రాచీన లిపి" అని వదిలేశావు. నీ క్లాసులో ఆర్మేనియన్ పిల్లలుంటారు, ఒకరిని వెంటబెట్టుకెళ్ళు. ఆ అక్షరాలే వాళ్ళు ఇవాళా రాస్తున్నారు, పాత భాష పూర్తిగా అర్థం కాకపోయినా కూడబలుక్కుని పేర్లయినా పట్టుకుంటారు. ఆ దేశపు మఠాల శాసనాల్లో ఎవరు ఏ తోట ఇచ్చారు, బదులుగా ఎవరి పేరు మీద ప్రార్థనలు చేయాలి అన్న లెక్కలు చాలా ఉంటాయి, మన గుళ్ళలో దానశాసనాలు చూసినవాడివి నీకు కొత్తేం కాదు. ఇక్కడి పాఠకులకు కాలం అందాలంటే, 1213లో మన రామప్ప గుడి, రెండేళ్ళకు అక్కడ ఆ చర్చి అని ఒక్కమాట అను. అంతకుమించి పోలికలు లాగకు.

ఇంకొకటి. దారి పక్కన గాటా అనే తీపి రొట్టెలు, వాల్‌నట్లు దారానికి గుచ్చి ద్రాక్షరసం పాకంలో ముంచిన సుజుఖ్ దండలు అమ్మే ఆడవాళ్ళు నీ వ్యాసంలో ఎక్కడా లేరు. చెట్లకు గుడ్డపీలికలు కట్టేవాళ్ళూ లేరు, కోరిక తీరాలని రాతి గూళ్ళలోకి గులకరాళ్ళు విసిరేవాళ్ళూ లేరు. మొక్కు తీర్చుకోవడానికి గొర్రెనో కోడినో తెచ్చే మతాఘ్ గురించి నాకు ఫోన్లో చెప్పావు, రాతలో మాత్రం తీసేశావు. మనవాళ్ళు ఏమనుకుంటారోననా? మన ఊళ్ళలో మొక్కుబడి కోళ్ళు ఎరగనివాళ్ళెవరు చెప్పు! వాళ్ళ దగ్గర ముందు ఉప్పుకి ఆశీర్వాదం ఉంటుంది, తర్వాత మాంసం ఉడకబెట్టి పదిమందికీ పంచుతారు. ఈసారి వెళ్ళినప్పుడు ఆ కుటుంబంతో మాట్లాడి ఏం మొక్కుకున్నారో అడుగు, నీకూ ఒక ముక్క పెడితే తిను, ఎలా ఉందో రాయి.

రెండో ప్రతి పంపేటప్పుడు ఫొటోలు పెట్టకు. మొదటిసారి ఫొటోలు చూశాకే నాకు సగం అర్థమైంది.

నీ అన్న