బుజ్జికి, ఉత్తరాల పని గురించి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

డిసెంబరు 10న మానవ హక్కుల దినానికి మీ కాలేజీ పిల్లలంతా గుణుపూర్‌లో ఉత్తరాలు రాయబోతున్నారట. దొంగతనం కేసులో సబ్‌జైల్లో ఉన్న ఆ సవర తెగ కుర్రాడికి బెయిలు ఇమ్మని మెజిస్ట్రేటు గారికి రెండు వందల కార్డులు! మీ అమ్మ చెబుతుంటే గర్వంగానే ఉంది. మెజిస్ట్రేటు గారికి అన్న మాట వినేసరికి మాత్రం కాళ్లు చల్లబడ్డాయి.

ఆ పని చెయ్యకండి. బెయిలు అడగాలంటే వకీలు పిటిషన్ వెయ్యాలి, ప్రాసిక్యూటరు ఎదురుగా వాదన జరగాలి. బయటివాళ్లు జడ్జికి ఉత్తరాలు రాస్తే అది కోర్టు మీద ఒత్తిడి. కోర్టు ధిక్కారం దాకా లాగినా లాగుతారు. రేపు వాడి బెయిలు విచారణకొచ్చిన రోజు ప్రాసిక్యూటరు మొదట ఎత్తి చూపేది మీ ఉత్తరాల మూటే. మీరు పరీక్షలు రాసుకుని ఇళ్లకు పోతారు, లోపల ఉండేది వాడు.

నీలబతి బెహెరా ఉత్తరం సుప్రీంకోర్టుకే వెళ్లింది కదా అంటావు, నాకు తెలుసు. సుందర్‌గఢ్ జిల్లా తల్లి ఆవిడ. 1987 డిసెంబరు 1న కొడుకును జెరైకెలా ఔట్‌పోస్టు పోలీసులు తీసుకుపోయారు, మర్నాడు రైలు పట్టాల మీద శవం దొరికింది. 1988 సెప్టెంబరు 14న ఆవిడ రాసిన ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది, 1993లో లక్షన్నర పరిహారం ఇప్పించింది. అయితే ఆవిడ నడుస్తున్న కేసులో ఫలానా తీర్పు ఇమ్మనలేదమ్మా. కస్టడీలో కొడుకు ప్రాణం పోయింది, న్యాయం చెయ్యమంది. మీరు అడిగేది వేరు, అడగాల్సిన చోటూ వేరు.

మీ ఉత్తరం జైలు సూపరింటెండెంటుకు పోవాలి. అరెస్టు, బెయిలు, విచారణల పద్ధతి చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. దాని 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగా గడిపితే కోర్టు బాండు రాయించుకుని వదలాలి. మిగతావాళ్లకు సగం గడిస్తే బెయిలు. ఆ గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత సూపరింటెండెంటుదే. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు, అంటే ఇంతకుముందు శిక్ష పడనివాడికి ఏడాది చాలు. ఇంట్లో దూరి చేశాడని రాసుంటే ఏడేళ్లు, అప్పుడు రెండేళ్ల నాలుగు నెలలు. అందుకే ముందు ఛార్జిషీటులో ఏ సెక్షన్ ఉందో చూడండి. ఇంకో కేసు పెండింగులో ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. ఇది చూసుకోకుండా రెండు వందల మంది సంతకాలు పెట్టడం ఒట్టి అమాయకత్వం, కోప్పడుతున్నాననుకోకు.

ఉత్తరం ఒక్క పేజీ. కేసు నంబరు, అరెస్టు తేదీ, సెక్షన్, గడువు నిండిన తేదీ, అడిగేది ఒకే ఒక్క వాక్యం. కాపీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి పంపండి, వకీలు లేకపోతే ఉచితంగా పెట్టేది వాళ్లే. తెలుగులో రాస్తే ఢిల్లీలోని జాతీయ మానవ హక్కుల కమిషన్ తీసుకుంటుంది గానీ మన ఒడిశా జిల్లా ఆఫీసుల్లో ఒడియాలో ఉంటేనే ఫైలు కదులుతుంది. కమిషన్‌కు ఫీజు లేదు. జైల్లో కొట్టారనో వైద్యం చేయించలేదనో అయితే అక్కడికి రాయాలి, అదీ జరిగిన ఏడాదిలోపు. బెయిలు విషయం మాత్రం కోర్టులో ఉంది కాబట్టి వాళ్లు ముట్టుకోరు. ఆకాశరామన్న ఉత్తరాలూ పనికిరావు, పేరూ చిరునామా ఉండాలి. ఆడపిల్లలు ఇంటి చిరునామా రాయొద్దు, ప్రిన్సిపాల్ గారు ఒప్పుకుంటే కాలేజీది రాయండి. ఫోన్ నంబరు అసలే వద్దు. ఇది పెదనాన్న పిరికితనం అనుకో, పర్వాలేదు.

జిరాక్సు తీసి సంతకాలు పెట్టినవి ఎన్నున్నా ఆఫీసులో ఒక్కటిగానే లెక్క. పది మంది సొంతంగా రాస్తే చాలు.

కుర్రాడికి కార్డు రాస్తే కేసు మాటెత్తకండి, జైలు సిబ్బంది చదివాకే అతని చేతికిస్తారు. వానలెలా పడ్డాయో, ఊరివాళ్లు ఎలా ఉన్నారో రాయండి. చదువు రాకపోతే ఎవరో చదివి వినిపిస్తారు.

వీటన్నిటికంటే ముందు వాళ్ల అమ్మానాన్నల్ని, వకీలును అడిగారా? వాళ్లు వద్దంటే అక్కడితో ఆపెయ్యాలి, కార్డులు కొనేసినా సరే.

ఇంకో మాట. డిసెంబరు 10 దాకా ఎందుకు? గడువు ఇప్పటికే నిండి ఉంటే రేపే పంపండి. ఛార్జిషీటు దొరకగానే ఫోన్ చెయ్యి తల్లీ, రోజులు కలిసి లెక్క కడదాం.

మీ పెదనాన్న
పర్లాకిమిడి