గొర్రెలు రొప్పం కాడ కొనాలా, సంతలోనా: అల్లుడికి ఒక జాబు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

చీనీ తోట పక్కన ఖాళీగా పడి ఉన్న మూడెకరాల్లో గొర్రెలు పెడతానన్నావు. ఇరవై తల్లి గొర్రెలు, వాటికో విత్తనపు పొట్టేలు, అవి కాక బక్రీదుకు మేపి అమ్మేదానికి పది పన్నెండు పొట్టేలు పిల్లలు. మంచిదే. సంతలో కొనాలా, కాపరి మందను తోలి ఉంచే దొడ్డి, అదే రొప్పం కాడికి పోయి కొనాలా, రేపు అమ్మేటప్పుడు ఎక్కడ అమ్మాలి అని అడిగినావు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు, అందుకే రాస్తున్నా.

కోడెలు, దున్నపోతులు కొని మాంసానికి అమ్మే వ్యాపారం ఎట్లుంటుందని కూడా ఒక ముక్క అడిగినావు. దాని జోలికి పోవద్దు. ఆవును, దూడను కోయడం మన రాష్ట్రంలో 1977 చట్టం కింద నిషేధం. ఎద్దుకైనా, బర్రెకైనా అధికారి సర్టిఫికెట్ ఉండాలి. కాగితాలు సక్రమంగా ఉన్నోళ్లే దారిలో నిలబడి జవాబు చెప్పుకుంటున్నారు. కొత్తోడివి, నీకెందుకు?

గొర్రెల విషయంలో నా మాట ముందే చెప్తా. తల్లి గొర్రెలను సంతలో కొనొద్దు. మేపుడు పిల్లల్ని సంతలో కొన్నా ఫరవాలేదు. అమ్మేటప్పుడు మాత్రం, ఆ వారం సంత ధర కళ్లారా చూసి రాకుండా రొప్పం కాడ ఎవరి ముందూ నోరు విప్పొద్దు.

రెండేళ్లకు మూడు ఈతలు ఈనే గొర్రెను ఎవడైనా మెడకు తాడు కట్టి సంతకు తోలుకొస్తాడా, నువ్వే చెప్పు. ఇంట్లో పెళ్లో, ఆసుపత్రి ఖర్చో, మేత లేని కరువో వస్తే తప్ప తీసుకురాడు. మామూలు వారాల్లో సంతకొచ్చే తల్లి గొర్రెల్లో ఎక్కువ భాగం ఎవరో వదిలించుకుంటున్నవే. గొడ్డువి, ఈసుకుపోయేవి అంటే కడుపు నిలవనివి, ఒక చన్ను ఎండిపోయినవి, పళ్లు రాలినవి. తెల్లారి చీకట్లో అన్నీ ఒకే మాదిరి కనపడతాయి.

సంతలో తల్లీపిల్ల అని జతగా అమ్ముతారు. ఆ పిల్ల ఆ తల్లిది కాకపోవచ్చు. ఎవరి పిల్లనో పక్కన కట్టేసి, ఈ మధ్యే ఈనిన గొర్రె అని చెప్పి ధర పెంచుతారు. తాడు విప్పించి పిల్లను వదలమను. గొర్రె వెనక్కి తిరిగి పిల్ల తోక కాడ వాసన చూసి నిలబడితే తనదే. తలతో కుమ్మి తోసేస్తే కాదు. విప్పనివ్వకపోతే నీకు జవాబు దొరికినట్టే, ముందుకు పో.

అదే రొప్పం కాడికైతే సాయంత్రం మంద మేసి తిరిగొచ్చే వేళకు పోయి కూర్చో. పొద్దుటి నుంచి రొప్పంలో ఉండిపోయిన పిల్లలు తల్లుల అరుపు విని ఒక్కసారిగా ఎగబడతాయి. ఆ పావుగంటలో నీకు కావలసిందంతా కనపడుతుంది. ఏ గొర్రె నిలబడి పాలిస్తోంది, ఏది కాలు విసిరి తన్నుతోంది, ఏ పిల్ల ఒకే చన్ను పట్టుకుని రెండోదాన్ని ముట్టుకోవడం లేదు, పాలు చాలక ఏ పిల్ల పక్క గొర్రె కిందికి దూరుతోంది. ఇవన్నీ సంతలో నీకెవడూ చూపించడు. వీలైతే ఆ రాత్రి అక్కడే పడుకో. పొద్దున్నే తడిక తీసినప్పుడు అన్నిటికంటే చివర కుంటుకుంటూ వచ్చేవి ఏవి, నాలుగడుగులు పరుగెత్తగానే దగ్గేవి ఏవి, చూసి గుర్తు పెట్టుకో.

ఎక్కడ కొన్నా చెయ్యి వేసి చూడందే కొనొద్దు. మొదట నోరు. గొర్రెకు పై దవడకు ముందు పళ్లుండవు, కింది పళ్లే లెక్క. అన్నీ సన్నటి పాలపళ్లైతే ఏడాది లోపుది. మధ్యలో రెండు వెడల్పు పళ్లుంటే ఏడాది, ఏడాదిన్నర. నాలుగైతే రెండేళ్లు, ఆరైతే మూడు, ఎనిమిదీ కలిస్తే నాలుగు. ఆపైన అరిగి సందులు పడతాయి. నువ్వు రెండు పళ్లవి, నాలుగు పళ్లవే ఏరుకో.

తర్వాత కంటి కింది రెప్పను బొటనవేలితో లాగి చూడు. లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు, అంటే పురుగులు, రక్తం తాగుతున్నాయి. దవడ కింద నీళ్లు నిండిన సంచి మాదిరి వాపు ఉంటే ముదిరిపోయిందని లెక్క. నడుం మీద వెన్నెముకకు అటూ ఇటూ వేళ్లతో నొక్కు. ఎముక రంపం పళ్ల మాదిరి గుచ్చుకుంటే ఒంట్లో కండ లేదు. తోక కింద పారుడు అంటుకుని ఉందా, గిట్టల సందుల్లో పుండు ఉందా, పొదుగులో గడ్డ తగులుతోందా చూసుకో. మన నెల్లూరు జాతిది నున్నటి ఒళ్లు కాబట్టి చిక్కింది చిక్కినట్టే కనపడుతుంది. కర్ణాటక పక్క నుంచి వచ్చే ఉన్ని గొర్రె అట్ల కాదు, బొచ్చు కింద ఏముందో చేతికే తెలవాలి.

రొప్పం కాడ కొనడంలో చిక్కు ధర. కాపరి తన గొర్రెకు తన మనసులో ఉన్న ధర చెప్తాడు. పక్కన ఇంకో అమ్మేవాడు ఉండడు కాబట్టి నీకు పోల్చుకునేదానికి లేదు. అందుకని ముందు రెండు మూడు వారాలు అనంతపురం మార్కెట్ యార్డు సంతకో, నీకు దగ్గరైతే పత్తికొండ సంతకో ఉత్త చేతులతో పోయి నిలబడు. జేబులో డబ్బు పెట్టుకోవద్దు, ఉంటే చెయ్యి ఊరుకోదు. ఏ సైజు జత ఎంతకు తెగిందో చూసి రాసుకో. మన పక్క ధర చెప్పేది జతకేనని మర్చిపోవద్దు. ఒకదానికనుకుని సంబరపడిన వాళ్లనూ, జతకు రెండింతలు లెక్కేసి బెదిరిపోయిన వాళ్లనూ చూసినా.

మొహమాటం ఉన్న చోట అస్సలు కొనొద్దు. చుట్టాల మందలో బేరం ఆడలేవు, బాగలేకపోతే తిరిగివ్వలేవు. ఈ మాట మీ అమ్మకు వినపడనీకు, తన తమ్ముడి మంద కూడా ఇందులోకే వస్తుంది. నా దగ్గర ఊరికే కావాలంటే ఒక పిల్లను తోలుకుపో, కొనడం మాత్రం వద్దు.

ఇంక పొట్టేలు పిల్లలు. మూడు నాలుగు నెలలవి ఒకే సైజులో పన్నెండు కావాలంటే ఒక్క రొప్పంలో దొరకడం కష్టం, సంతలో ఒక్క పొద్దుటికి ఏరుకోవచ్చు. అక్కడ ఎంపిక ఎక్కువ, రోగమూ ఎక్కువ. పది ఊళ్ల మందలు ఒకే చోట ముక్కులు రాసుకుంటాయి కదా. తెచ్చినవాటిని మూడు వారాలు తల్లి గొర్రెలకు దూరంగా, వేరే తొట్టిలో నీళ్లు పెట్టి ఉంచు. వచ్చిన రెండో రోజు నట్టల మందు, తర్వాత పశువుల డాక్టరును అడిగి పీపీఆర్ అనే పారుడు రోగానికి టీకా, ఉన్నట్టుండి చంపే చిటుకు రోగానికి టీకా వేయించు. సంతలో ‘టీకాలన్నీ వేయించినాం’ అని చెప్పని వాడు ఉండడు.

బక్రీదు ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. క్యాలెండర్ చూసుకుని నాలుగైదు నెలల ముందే కొను. శ్రావణంలో, కార్తీకంలో తినేవాళ్లు తగ్గి ధర కాస్త దిగుతుంది. ఆ నెలల్లో నువ్వు కొనేవాడిగా ఉండాలి గానీ అమ్మేవాడిగా కాదు. ఇంకోటి, గుర్తు కోసమని పొట్టేలు చెవి కోయొద్దు. చెవి తెగినా, కొమ్ము విరిగినా, కుంటినా కుర్బానీకి తీసుకోరు. రంగు పూసుకో, చాలు. పళ్లు, వయసు కూడా చూస్తారు.

సంతలో బేరం సంగతి. టీవీలో చూపించినట్టు నిలబడి ధర అరిచే వేలంపాట మన సంతల్లో లేదు. వేలం వేసేది ఒక్క గేటును, అంటే రుసుము వసూలు చేసుకునే హక్కును. పాడుకున్నవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలని చూస్తాడు. బోర్డు మీద రేటు చదివి, రసీదు తీసుకునే డబ్బివ్వు. ఆ రసీదు దారిలో కూడా పనికొస్తుంది.

లోపల దళారీ నీ చెయ్యి పట్టుకుని పైన టవలు కప్పుతాడు. ఎన్ని వేళ్లు పడితే అంత అంకె. అది వందలా వేలా అన్నది నోటితో చెప్పరు, ఇద్దరికీ తెలుసనే లెక్క. అదే టవలు కింద అమ్మేవాడి చేతిలో ఇంకో అంకె పట్టి, మధ్యది మింగేసేవాళ్లు ఉన్నారు. అందరూ అట్లాంటోళ్లని అనను, నాకు తెలిసిన ఇద్దరు దళారీలు మాట తప్పని మనుషులు. అయినా నువ్వు మాత్రం ‘నోటితో చెప్పన్నా, నాకు వేళ్ల బేరం రాదు’ అను. నవ్వుతారు, నవ్వనీ. డబ్బు కొన్నవాడి చేతి నుంచి నేరుగా అమ్మినవాడి చేతికి పోవాలి. దళారీకి కమీషన్ విడిగా ఇయ్యి.

కొనేటప్పుడు పొట్ట చూసి మోసపోవద్దు. ఉప్పు నాకించి కడుపు నిండా నీళ్లు తాగిస్తే జీవం నిండుగా, బరువుగా కనపడుతుంది, ఒక రాత్రికి అది దిగిపోతుంది. నువ్వు వేలాడే తూకం ఒకటి కొనుక్కో. లెక్క ఇది: 25 కిలోల పొట్టేలును కోస్తే సగానికి కాస్త తక్కువ, 12 కిలోల దాకా మాంసం దిగుతుంది. మీ ఊరి అంగట్లో కిలో 800 ఉందనుకో, 9,600. తల, కాళ్లు, పేగులు పైన వస్తాయి, కోసేవాడి కూలీ, లాభం అందులోంచి పోవాలి. కాబట్టి ఆ సైజు జతకు 19 వేలు అడిగితే మాంసం ధర మొత్తం నీ చేతే కట్టిస్తున్నాడని అర్థం. మేపుడు పిల్లకు బరువును మించి కొంత ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, అది పెరిగే జీవం కాబట్టి. ఎంత ఎక్కువన్నది సంతలో నిలబడినప్పుడే తెలుస్తుంది.

అమ్మేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. ఒకటి రెండు ముసలి గొర్రెలు తీసేయాలంటే సంతే మేలు, వాటి కోసం నీ రొప్పం కాడికి ఎవరూ రారు. పన్నెండు పొట్టేళ్లు ఒకే ఒడ్డు పొడుగు ఉంటే మాత్రం కొనేవాళ్లనే ఇంటికి పిలువు. ఒక్కణ్ని కాదు, వేర్వేరు రోజుల్లో ముగ్గుర్ని. ఇంటి దగ్గరైతే ఆటో బాడుగ లేదు, దారిలో ఒళ్లు తగ్గేది లేదు, నచ్చకపోతే ‘సరే అన్నా, పోయిరా’ అనే ధైర్యం నీకుంటుంది. సంతలో ఆ ధైర్యం తొమ్మిది దాటితే ఉండదు. మంచి బేరాలన్నీ తెల్లవారుజామునే తెగిపోతాయి. ఎండెక్కాక నిలబడిన జీవాలు వెనక్కి పోతే బాడుగ దండగ, రోగం అదనం అని కొనేవాడికి బాగా తెలుసు. పక్కన చెట్టు కింద కూర్చుని టీ తాగుతా ఉంటాడు, నీ దగ్గరికి రాడు. ఇంతకు తక్కువైతే ఇవ్వను అనే అంకె ఇంట్లోనే అనుకుని, ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పి బయలుదేరు.

రొప్పం కాడికొచ్చే బేరగాడు మొదట ‘మొత్తం గుంపు ధర చెప్పు’ అంటాడు. నువ్వు జతకు ఒక సగటు ధర చెప్తావు. ‘సరే, ఇప్పుడు ఆరు తీసుకుంటా, మిగతావి వచ్చే వారం’ అని మంచివి ఆరు ఏరుకుంటాడు. వచ్చే వారం రాడు. నీ దగ్గర మిగిలిన ఆరు చిన్నవాటికి ఆ ధర ఎవడూ ఇవ్వడు. ఏరుకుంటే ఒక ధర, అన్నీ తోలుకుపోతే ఒక ధర అని మొదటి మాటలోనే తేల్చేయి. బయానా తీసుకుంటే ఏ రోజు లోపు తోలుకుపోవాలో, ఆ లోపు ఒకటి చస్తే ఎవరి నష్టమో ఒక కాగితం ముక్క మీద రాసుకో.

లారీలో దూరం పంపిస్తే, ప్రయాణం ఆరు గంటలు దాటేట్టైతే 1978 నాటి రవాణా నిబంధనల ప్రకారం పశువుల డాక్టరు ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి. అది కొన్నవాడే చూసుకుంటానంటాడు. నీ రొప్పం కాడ బండి ఎక్కిస్తున్నావు కాబట్టి నువ్వు కూడా ఒకసారి చూడు.

డబ్బు విషయంలో వాయిదా వద్దు. ‘సంత నుంచి సంతకు ఇస్తాను’ అనే మాట మన పక్క మామూలు, తెలిసిన మొహమైనా ఒప్పుకోకు. ఫోన్‌పే కొట్టినానని వాడి ఫోన్ నీ కళ్ల ముందు పెడితే అది చూడొద్దు. నీ బ్యాంకు నుంచి నీ ఫోన్‌కు మెసేజ్ వచ్చి, ఖాతాలో డబ్బు కనపడిన తర్వాతే తాడు చేతికియ్యి. సిగ్నల్ లేదంటే గట్టు మీదికి నడిచిపోయి చూసుకో, అంతవరకూ జీవాలు బండి ఎక్కకూడదు.

తొలకరి పడి గడ్డి మొలిచిందంటే తల్లి గొర్రెలు ఎవరూ అమ్మరు, అమ్మినా ధర నువ్వు అందుకోలేవు. ఎండలు ముదిరి మేత కరువైన ఈ నెలలోనే చూసుకోవాలి. కళ్యాణదుర్గం పక్క ఒక కాపరి ముప్పై దాకా తీసేస్తానంటున్నాడు, రెండు నాలుగు పళ్లవే ఎక్కువ. తూకం, టార్చిలైటు తెచ్చుకో. సాయంత్రం నాలుగు లోపు మా ఇంటికొస్తే మంద తిరిగొచ్చే వేళకు అక్కడుంటాం.

ఇట్లు,
మీ మామ