ఆధునికోత్తరమా? ఉత్తరాధునికమా?

సందేహం: డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతున్నాను. సంధి తప్పుగా విడదీసిన పిల్లవాణ్ని దిద్దబోతే "అది మీ కోణం సార్, ఇది నా కోణం" అన్నాడు. ఇదంతా ఆధునికోత్తర (పోస్ట్‌మోడర్న్) ప్రభావమని ఒక లెక్చరర్ అంటే, 'ఉత్తరాధునిక' అనాలని ఇంకొకరు సరిదిద్దారు. ఏది సాధువు?
– ఒక అధ్యాపకుడు, దేవరకొండ

సమాధానం: ముందు మాట సంగతి. 'ఉత్' అంటే పైకి. రెండింటిలో ఒకటి మించిందని చెప్పే 'తర' దానికి చేరి 'ఉత్తర' అయింది. పైన కప్పుకునేది ఉత్తరీయం, లోకాన్ని మించింది లోకోత్తరం, స్వాతంత్ర్యం తర్వాతది స్వాతంత్ర్యోత్తరం. దిక్కు, జాబు, జవాబు అనే అర్థాలు మీకు తెలిసినవే.

కిటుకంతా అది సమాసంలో ఎక్కడ కూర్చుందన్న దాంట్లో ఉంది. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం' చూడండి. నిర్వచనమంటే నడుమ వచనం లేకుండా అంతా పద్యాల్లోనే నడిపింది. ఎంత ధీమా ఉంటే ఆ పనికి పూనుకుంటాడు! సరే, ఉత్తర రామాయణమంటే రామాయణం అయిపోయాక పుట్టిన వేరే కథ కాదు, రాముడి కథలోనే పట్టాభిషేకం తర్వాతి భాగం. ఆ లెక్కన ఉత్తరాధునికం అంటే ఆధునికంలోనే తర్వాతి దశ. ఆధునికోత్తరం అంటే ఆధునికం గడప దాటాక వచ్చింది.

ఫ్రెంచి తాత్వికుడు లియోతార్ 1979లో, కెనడాలోని క్యుబెక్ విశ్వవిద్యాలయాల మండలి కోరగా రాసిన నివేదికలో, మహాకథనాల మీద, అంటే అన్నిటినీ ఒకే పెద్ద కథలో ఇమిడ్చి చెప్పే సిద్ధాంతాల మీద, నమ్మకం సడలడమే ఈ పోస్ట్‌మోడర్న్ స్థితి అన్నాడు. తర్వాత ఆయనే అది ఆధునికంలో భాగమనీ రాశాడు. ఇక నేనేం తేల్చను? నా మొగ్గు 'ఆధునికోత్తర' వైపే గానీ, రెండోది తప్పనే సాహసం చేయను.

ఇక మీ పిల్లవాడు. 'ఇది నిజమేనా' అనే ప్రశ్న పోయి, 'దీంతో ఏం ఉపయోగం' అనే ప్రశ్న విద్యార్థి నోట వస్తుందని అదే నివేదికలో ఉంది. మీ క్లాసులో "సార్, ఇది పరీక్షకు వస్తదా?" అని అడిగేవాణ్ని వదిలేసి, కోణం అన్నవాడి మీద పడ్డారేం?

కోణానికైనా కష్టపడాలి లెండి. తెలంగాణలో కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ఒకరు రాస్తే, మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి 'అది మీ కోణం' అని ఊరుకోలేదు. పద్యాలు అడిగి తెప్పించి, 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశాడు. గుణసంధిని సవర్ణదీర్ఘమని రాసి కోణం అనడం ఉత్త బద్ధకం. ఆధునికోత్తరం, ఉత్తరాధునికం అనే ఈ రెండు మాటలనే విడదీసుకు రమ్మనండి, ఒకదాంట్లో అదీ, ఒకదాంట్లో ఇదీ దొరుకుతాయి.

జవాబు పత్రంలో రెండింట్లో ఏది రాసినా మార్కులు కొయ్యకండి. 'అత్యాధునికవాదం' అని రాస్తే మాత్రం మొహమాటపడొద్దు. ఆ మాట ఆసుపత్రుల ఫ్లెక్సీలకు చాలు.