రోమ్‌లో సెయింట్ పీటర్స్ ఒక్కటి చూస్తే చాలదా?

"రెండు రోజులే ఉంటాం, సెయింట్ పీటర్స్ ఒక్కటి చూస్తే చాలదా? మిగతా చర్చిలన్నీ ఒకేలా ఉంటాయట కదా" అని అడిగారు. మీకు ఆ మాట చెప్పినవాళ్లు గుమ్మం దగ్గర ఫొటో దిగి వెనక్కి వచ్చి ఉంటారు.

సాన్ లుయీజీ దే ఫ్రాంచేజీ చర్చికి వెళ్లండి. పియాజ్జా నవోనా నుంచి పాంథియన్‌కు నడిచేటప్పుడు దాదాపు దారిలోనే తగులుతుంది, టికెట్ లేదు. లోపల ఎడమవైపు చిన్న మందిరంలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1599-1602 మధ్య వేసిన మూడు చిత్రాలున్నాయి, మూడూ క్రీస్తు శిష్యుడు మత్తయివే. మేం వెళ్లేసరికి అక్కడ చీకటి. నాణెం వేస్తే దీపాలు వెలిగే పెట్టె ఒకటి పక్కనే ఉంది. అంత గుంపులో ఒక్కరి చెయ్యీ జేబులోకి పోదు! ఎవరో ఒకరు వేయకపోతారా అని అందరూ దిక్కులు చూస్తున్నారు. మా ఆవిడ విసుగెత్తి ఒక యూరో వేసింది. అంతే, ఫోన్లన్నీ పైకి లేచాయి. ఒక్కరైనా కృతజ్ఞతగా ఆమెవైపు చూస్తే ఒట్టు.

ఎడమ గోడ మీద, పన్నులు వసూలు చేసే సుంకరి మత్తయిని క్రీస్తు పిలిచే ఘట్టం. బల్ల దగ్గర గడ్డం ఉన్న పెద్దమనిషే మత్తయి అని గైడ్లు చెబుతారు. నేను ఒప్పుకోను. చివర తలవంచుకుని, పిలుపు చెవిన పడనట్టు నాణేలు లెక్కపెట్టుకుంటున్న కుర్రాడే మత్తయి. గడ్డపాయన వేలు వాడినే చూపిస్తోంది, కావాలంటే దగ్గరగా చూడండి. బొమ్మలో వెలుగు కుడివైపు నుంచి పడుతుంది, మందిరంలో అసలు కిటికీ కూడా అటువైపే ఉంది. ఈ బొమ్మను తీసుకెళ్లి మ్యూజియంలో తగిలిస్తే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

అక్కడికి దగ్గరలోనే సాంత్ అగొస్తీనో చర్చి. అందులో మరియమ్మ ముందు మోకరిల్లిన యాత్రికుడి మట్టికాళ్లు సరిగ్గా మన ముఖానికి ఎదురుగా ఉంటాయి. వేసింది కరవాజ్జోనే.

చాలా చర్చిలు మధ్యాహ్నం మూసేసి మూడు నాలుగింటికి గానీ తెరవరు. మనవాళ్ల ప్యాకేజీ టూర్లు పొద్దుటి పూటంతా షాపింగ్‌కు ధారపోసి, సరిగ్గా ఆ వేళకు తీసుకెళ్లి మూసిన తలుపులు చూపిస్తాయి. అంత దూరం వెళ్లి సాంబారు కోసం బస్సులో ఊరంతా తిరగడం ఏమిటో!

సెయింట్ పీటర్స్ మానమనడం లేదు. పొద్దున్నే ఏడింటికి తలుపులు తీయగానే వెళ్లండి, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. జేబులో మాత్రం చిల్లర ఉంచుకోండి, ఆ గుంపులో ఇంకెవరూ తీయరు.