నెయ్యి గరిటెకి చెయ్యి అడ్డం పెట్టాల్సింది మీరే

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. ఐదు నెలల కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. బరువు 92 కిలోలు, పది కిలోలైనా తగ్గాలన్నారు డాక్టరు. ఇంట్లో సహకారం లేదు. అమ్మ పక్కనే కూర్చుని నెయ్యి వేస్తుంది, వద్దంటే నొచ్చుకుంటుంది. మా ఆవిడేమో అన్నీ కొలిచి పెడుతుంది. ఇద్దరికీ రోజూ గొడవ, మధ్యలో నేను నలిగిపోతున్నాను. వాట్సాప్‌లో ఒక వెయిట్ లాస్ గ్రూపు ఉంది. డబ్బు కడితే పౌడరు ఇచ్చి 30 రోజుల్లో ఎనిమిది కిలోలు తగ్గిస్తారట. చేరమంటారా?

జవాబు: వద్దు. స్టెంట్ వేయించుకుని ఐదు నెలలైన మనిషి నెలకి ఎనిమిది కిలోల పందేలు కట్టకూడదు. వారానికి అరకిలో చాలు. ఏం కలిపారో తెలియని పౌడరు, మీరు వేసుకునే రక్తం పలచబడే మాత్రలతో ఎలా ఉంటుందో ఆ గ్రూపు అడ్మిన్ చెప్పలేడు. ఆ సంగతి వదిలేయండి.

నలిగిపోతున్నానన్నారు. నలిగేది మీ ఆవిడండీ. అమ్మ నెయ్యి వేస్తుంటే మీరు కంచంలోకి చూస్తూ కూర్చుంటారు, వద్దని చెప్పి చెడ్డదయ్యే పని ఆవిడకి వదిలేశారు. పైగా సహకారం లేదని ఉత్తరం! కొలిచి పెట్టడం సహకారం కాక మరేమిటి? కొడుకు కంచం దగ్గర తల్లికున్న అధికారాన్ని కోడలు కాదంటే ఏ ఇంట్లోనైనా యుద్ధమే. కొడుకే చెయ్యి అడ్డం పెడితే అలకతో పోతుంది.

ఆ మాట భోజనాల దగ్గర ఎత్తకండి. ఈసారి చెకప్‌కి అమ్మని కూడా తీసుకెళ్లి డాక్టరు ముందు కూర్చోబెట్టండి. ఇంటికొచ్చాక, "నువ్వు వేస్తే నేను కాదనలేనమ్మా, అందుకే నువ్వే ఆపాలి" అనండి. నెయ్యి గరిటె తీసేసి టీ చెంచా పెట్టండి. డాక్టరు ఒప్పుకుంటే రోజుకి ఒక్క చెంచా, అది అమ్మ చేత్తోనే. చిన్న గరిటెడు అంటే 15 గ్రాములనుకున్నా, పూటకొకటి చొప్పున రెండు పూటలకి 270 కేలరీలు. మీ బరువు మనిషి అరగంట నడిస్తే కరిగేది అందులో సగం.

నూనె లెక్క మీ ఆవిడకి వదిలేయకుండా మీరు చూడండి. ముగ్గురికి నెలకి లీటరున్నర. ఒకటో తారీఖున కొలిచి వేరే డబ్బాలో పోయండి. ఇరవయ్యో తారీఖుకే అడుగంటితే వారంలో వేపుళ్లు ఎన్నిసార్లు చేశారో చూసుకోండి. కంచంలో ముందు కూర, సగం కంచం నిండా. తర్వాత పప్పో, గుడ్డో, చేపో. అన్నం ఆఖరున, ఒక కప్పు. ఉప్పు రోజు మొత్తానికి టీ చెంచాడు, ఆవకాయలో ఉన్నదీ అందులోదే.

నడకకి మీ ఆవిడని వెంటబెట్టుకోండి, మీకు కావలసిన గ్రూపు అదే. డాక్టరు సరేనన్నాక పది నిమిషాలతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి. భోంచేసిన వెంటనే వద్దు. ఛాతీ పట్టేసినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా ఆగి కూర్చోండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

ఆదివారం పొద్దున కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని పుస్తకంలో మీరే రాయండి. ఆఫీసు బయట తినే బజ్జీలు కూడా. రెండో నెలలో బరువు కదలకపోతే కారణం చాలామందికి అక్కడే దొరుకుతుంది. బరువు తగ్గేకొద్దీ, ఇప్పుడు వేసుకుంటున్న బీపీ మాత్ర మోతాదు మీకు అవసరానికి మించిపోవచ్చు. లేచి నిలబడగానే తూలినట్టుంటే డాక్టరుకి చెప్పండి, మీరే మానేయకండి. రక్తం పలచబడే మాత్ర మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు.

అమ్మ రెండు రోజులు అలుగుతుంది, అలగనివ్వండి. ఆ రెండు రోజులూ వడ్డన మీరు చేయండి, ముందు మీ ఆవిడకి.