ఆ పిలకాయ చేత ఉపన్యాసం చెప్పించొద్దు

కావలి,
ఆదివారం

అబ్బాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివాక కోపం ఆపుకోలేక కాగితాలు పక్కన పడేసి వీధిలోకి వెళ్ళిపోయాను. కందుకూరు సెంటర్లో ఎండ బాగా రాశావు, మాటల్లో మన యాస చక్కగా ఉంది. మెచ్చుకోవడం ఇంతటితో ఆపుతాను, చెప్పాల్సింది వేరే ఉంది.

ఎనిమిదేళ్ళ పిలకాయ. మెడలో కండువా, చేతిలో జెండా, బుగ్గ మీద రంగుతో వేసిన పార్టీ గుర్తు. పొద్దున్నుంచి మిట్టమధ్యాహ్నం దాకా ఊరేగింపులో నడిపించారు. అక్కడిదాకా నీ వెంటే నడిచాను. తర్వాత వాడికి ఎండదెబ్బ తగిలింది. ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరిచి, 'ఓటు లేని మా భుజాల మీద మీ జెండాలు ఎందుకు మోయిస్తారు?' అని అడిగి ప్రాణం విడిచాడు.

ఎనిమిదేళ్ళవాడు ఆ మాట అంటాడా? అది నీ మాట. పొద్దున పార్టీవాళ్ళు వాడి నోట్లో నినాదం పెట్టారు, సాయంత్రం నువ్వు నీ ఉపన్యాసం పెట్టావు. వాళ్ళకు ఓట్లు కావాలి, నీకు నా కన్నీళ్ళు కావాలి. పిలకాయను ముందు నిలబెడితే ఎదుటివాడు నోరెత్తలేడని వాళ్ళకు తెలుసు, నీకూ తెలిసిపోయింది. నా కోపం దానికే.

నాకూ ఎనిమిదేళ్ళప్పుడే జరిగింది. 1967 ఎన్నికలు. గొంతు బాగుంటుందని బళ్ళో ప్రార్థన నా చేతనే పాడించేవాళ్ళు. మా ఊరి పెద్దరైతు మా నాయనను పిలిపించి, పిలకాయను ప్రచారం జీపులో పంపించమన్నాడు. మా నాయన కౌలుకు చేసేది ఆయన పొలమే, కాదనడానికి వీల్లేదు. పది రోజులు చుట్టుపక్కల పల్లెల్లో మైకులో పాడాను. జీపెక్కడం అదే మొదటిసారి. బొరుగులు, బెల్లం పెట్టారు, ఒకరోజు కమలాపండు కూడా ఇచ్చారు. ఆ పది రోజులూ నాకు పండగే. నీ పిలకాయేమో మొదటి పేజీ నుంచీ ఏడుస్తూనే ఉన్నాడు, అందుకే నమ్మలేకపోయాను. జెండా చేతికిస్తే పిలకాయలు ఎగిరి గంతేస్తారు. ఆ సంబరాన్నే పెద్దవాళ్ళు వాడుకుంటారు.

పాటలో ఒక చరణం అవతలి పక్షంలో తిరిగే ఒకాయన అప్పుల మీద ఎగతాళి. ఆయన మా ఎదురింటి పెద్దమ్మ మొగుడు. బడి నుంచి రాగానే ఆమె నన్ను పిలిచి సద్దన్నంలో మీగడ వేసి పెట్టేది. జీపు మా వీధిలోకి వచ్చినప్పుడు కూడా ఆ చరణం గొంతెత్తి పాడాను. నాకు దాని అర్థం తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఆమె వాకిట్లో నిలబడి అంతా విన్నది. మర్నాటి నుంచి పిలవలేదు. చాలా రోజులు పలక సంచితో ఆ గడప ముందు నిలబడి చూశాను. ఐదారేళ్ళ తర్వాత బావి దగ్గర నీళ్ళు తోడుతుంటే ఆ చరణం దానంతటదే నోట్లోకి వచ్చింది. అప్పుడు అర్థమైంది. అప్పటికి ఆమె చనిపోయింది. జీపు పంపించిన పెద్దరైతు మాత్రం ఆ ఇంటివాళ్ళతోనే వియ్యమందాడు.

ఇక నీ కథలో ఎన్నికల అధికారి 'దీనికి రూలేమీ లేదు' అంటాడు. తప్పు. 2024 ఫిబ్రవరి 5న ఎన్నికల సంఘం స్పష్టంగా ఆదేశాలిచ్చింది. పిల్లల చేత పోస్టర్లు, కరపత్రాలు పంచించకూడదు, నినాదాలు చేయించకూడదు, ర్యాలీల్లో తిప్పకూడదు. ప్రచారంలో నాయకులు పిల్లల్ని ఎత్తుకోకూడదు, బండి మీద ఎక్కించుకోకూడదు. పాట, పద్యం, మాట, ఏ రూపంలోనైనా పిల్లల చేత ప్రచారం చేయించకూడదు. ఎన్నికల్లో పిల్లల్ని వాడుకోకుండా పార్టీలు చూసుకోవాలని 2014లో బొంబాయి హైకోర్టు చెప్పిన సంగతి కూడా అందులో గుర్తుచేశారు. బాలకార్మిక చట్టం అమలయ్యేలా చూసే బాధ్యత జిల్లా ఎన్నికల అధికారి మీద, రిటర్నింగ్ అధికారి మీద పెట్టారు.

మే 13 పోలింగుకు ముందు జరిగినట్టు నువ్వే రాశావు. అంటే ఆ అధికారి బల్ల మీద ఆ కాగితం ఉండే ఉంటుంది. తల్లితోనో తండ్రితోనో వచ్చి నాయకుడి దగ్గర నిలబడ్డ పిల్లవాడు ప్రచారంలో పాల్గొనకపోతే తప్పు కాదని కూడా అందులో ఉంది. ఊరేగింపు కళ్ళముందే పోతుంటే, 'అమ్మానాన్నలతో వచ్చారులే' అనుకుని ఆ అధికారి ఫోను చూసుకుంటే ఎలా ఉంటుందో రాసి చూడు. రూలు లేదని రాస్తే ఆయన మీద ఏ నిందా ఉండదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. 1964లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జాన్సన్ తరఫున టీవీలో ఒక ప్రకటన వేశారు. చిన్నపిల్ల పువ్వు రేకులు తుంచుతూ తప్పుతప్పుగా అంకెలు లెక్కపెడుతుంది. తర్వాత ఒక మగగొంతు పది నుంచి వెనక్కి లెక్కపెడుతుంది, అణుబాంబు పేలుతుంది. అవతలివాడు గెలిస్తే ఇదే గతి అని భయపెట్టడం. డబ్బు కట్టి వేసింది ఒక్కసారే, సెప్టెంబరు 7న. ఇన్నేళ్ళయినా దాని గురించి చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ పిల్ల ఎవరికీ ఓటెయ్యమని చెప్పలేదు. అయినా ఆ తప్పు లెక్కలు విన్నాక అవతలి పక్షం తరఫున ఎవరు వాదించగలరు? ఇప్పుడు ఫోన్లలో బట్టీపట్టించిన మాటలు ముద్దుముద్దుగా చెప్పే పిలకాయల వీడియోలు తిరుగుతున్నాయి. అన్ని జెండాల వాళ్ళూ చేస్తున్నారు. 'షేర్ చెయ్యండి తాతయ్యా' అని నాకూ పంపిస్తారు. చూసిన ప్రతిసారీ ఆ మీగడ గుర్తొస్తుంది.

నీది కనిగిరి అన్నావు కాబట్టి మార్కాపురం పలకల సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు మొదట ఎంచుకున్న చోట్లలో ఆ పలకల పరిశ్రమ ఒకటి. అప్పట్లో నేను అక్కడికి వెళ్ళి, పలకలు అరగదీసే ఒక పిలకాయను చూసి కథ రాశాను. వాడి కనురెప్పల మీద కూడా రాతిపొడి ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక పగిలిన పలకముక్క మీద మేకను గీసి, నాకు చూపించి చెరిపేశాడు. నా కథ అంతే. ఒక వారపత్రికకు పంపిస్తే సంపాదకుడు కార్డు రాశాడు: 'బాలుణ్ణి చివర్లో చంపండి, సంక్రాంతి సంచికలో వేస్తాం.' చంపాను. అప్పటికి పదకొండు కథలు తిరిగొచ్చి ఉన్నాయి, అచ్చులో పేరు చూసుకోవాలని ఆత్రం. మేక బొమ్మ స్థలం చాలలేదని తీసేశారు. పిలకాయ అన్నచోటల్లా బాలుడు అని మార్చారు. కన్సొలేషన్ బహుమతి ఇచ్చారు. ఏడ్చామని పాఠకులు ఉత్తరాలు రాశారు. అసలు పిలకాయ మాత్రం పలకలు అరగదీస్తూనే ఉన్నాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు వాడి మొహం చూడలేక గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చాను.

'సందేశం ఏమిటి' అని అడిగే సంపాదకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ మాట వినొద్దు. సందేశం ఉంటే పెద్దవాళ్ళ చేత చెప్పించు. 1992లో కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్ళు పెద్దవాళ్ళకు చదువు నేర్పే అక్షరదీపం వాచకంలో సారా మీద ఉన్న ఒక పాఠం చదివి సారా అంగడి మీదికి వెళ్ళారు. ఇంట్లో పిలకాయల ఆకలి వాళ్ళకు తెలుసు. అయినా చెప్పాల్సింది వాళ్ళే చెప్పారు, దెబ్బలకు వెరవకుండా వాళ్ళే నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

ఇప్పుడు నీ కథ మూడోసారి ఎందుకు చదివానో చెబుతాను. ఐదో పేజీలో, ఆస్పత్రికి ముందు, నువ్వు ఆగకుండా దాటిపోయిన నాలుగు వాక్యాలున్నాయి. రాత్రి వాళ్ళమ్మ కొబ్బరినూనె పెట్టి వాడి బుగ్గ తుడుస్తుంది. రంగు పోదు. పొద్దున అవతలి పార్టీ వాళ్ళు జనాన్ని తీసుకుపోవడానికి వస్తారు, ఆ బుగ్గ చూసి వాణ్ణి వద్దంటారు. ఆమె ఇంకా గట్టిగా రుద్దుతుంది.

నీ కథ అదే అబ్బాయీ. ఆ ఇంటికి రోజుకూలి ఎంత అవసరమో, ఆ తల్లికి ఏ జెండా అయినా ఒకటే ఎందుకయిందో, రుద్దుతుంటే వాడికి ఎంత మంటపుట్టిందో, అన్నీ అందులో ఉన్నాయి. వాడు ఒక్క మాట కూడా మాట్లాడడు. నాకు గొంతు పట్టేసింది. ఆస్పత్రి తీసెయ్యి, చావు తీసెయ్యి, ఆ ఉపన్యాసం తీసెయ్యి. వాడు జెండా పట్టుకుని ఎగిరినప్పటి సంతోషం ఒక పేజీ రాయి. తల్లి రుద్దుతూ ఉండగానే ఆపెయ్యి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, పుస్తకం వేయడానికి ఎంతవుతుందని అడిగావు. ముందు కథ తిరగరాయి.

ఇంకొక్కటి. కొబ్బరినూనెతో తుడిచినా ఆ రంగు పోదన్న సంగతి ఊహించి రాసినట్టు లేదు. అది నువ్వు ఎవరి బుగ్గ మీద చూశావో, చెప్పాలనిపిస్తే ఈసారి ఉత్తరంలో రాయి.

ఇట్లు,
మీ అయ్యవారు